ట్రాక్టరు టర్బోను మార్చినచో బలము పెరుగునా?

(బాసర ప్రాంత రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వానాకాలపు దుక్కులు మొదలగుటకు ముందు ట్రాక్టర్లన్నియు మరమ్మతు షెడ్ల ముందు బారులు తీరును. ఆ సమయమున మీలో పలువురు అడుగు ప్రశ్న ఒకటి కలదు. "మా ట్రాక్టరు బలము చాలుటలేదు. టర్బో హౌసింగు మార్చినను, లోపల గ్రైండింగు చేయించినను పది అశ్వశక్తి పెరుగునని మెకానికు చెప్పుచున్నాడు. చేయించవచ్చునా?" అనునదే ఆ ప్రశ్న. కార్లకు ఇట్టి మార్పులు చేయుట సెల్‌ఫోనులో చూచి, ట్రాక్టరుకును చేయింపవలెనని ఉత్సాహపడు యువకులు కూడ ఉన్నారు.

బలము పెరుగునను మాట అబద్ధము కాదు. అయితే ఆ బలము ఎచ్చటినుండి వచ్చును, దాని వెల ఇంజనులో ఏ భాగము చెల్లించును, అసలు మీకు లోపించినది ఇంజను బలమేనా అను మూడు సంగతులు తెలిసికొనిన పిమ్మటనే చేయి వేయవలెను. అప్పు చేసి కొన్న యంత్రము విత్తనము వేయు వారములో చెడిన యెడల, మరమ్మతు ఖర్చుకన్న అదను తప్పిన నష్టమే ఎక్కువ.

టర్బో అనగా నేమి?

ఇంజను డీజిలును మాత్రమే తినునని మనము అనుకొందుము. నిజమునకు అది తినునది ఎక్కువగా గాలియే. 1 కిలో డీజిలు పూర్తిగా మండుటకు లెక్క ప్రకారము సుమారు 14.5 కిలోల గాలి కావలెను. నల్లపొగ లేక మండవలెనన్న ఇంకను ఎక్కువ, అనగా 20 కిలోలు, ఆపైన కావలెను. 3 లీటర్ల ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగునపుడు నిమిషమునకు సుమారు 3000 లీటర్ల గాలిని లోనికి పీల్చును. గాలి చాలనిచో ఎంత డీజిలు పోసినను అది బలము కాదు, పొగ అగును.

ఇంజనులో కాలిన డీజిలు వేడిలో రమారమి మూడవ వంతు సైలెన్సరు ద్వారా వృథాగా పోవును. ఆ వేడి వాయువుచేత ఒక చిన్న చక్రమును త్రిప్పి, అదే ఇరుసు రెండవ కొనకు అమర్చిన మరియొక చక్రముచేత బయటి గాలిని నొక్కి ఇంజనులోనికి పంపు సాధనమే టర్బో. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో దీనికి పేటెంటు పొందెను. అమెరికాలో ఆలిస్–చామర్స్ కంపెనీ 1961లో తెచ్చిన డి–19 డీజిలు ట్రాక్టరు, కర్మాగారమునుండియే టర్బోతో వెలువడిన మొదటి సేద్యపు ట్రాక్టరుగా పేరు పొందినది. మన ఊళ్ళలో 50 అశ్వశక్తికి లోబడిన ట్రాక్టర్లలో చాలావాటికి టర్బో ఉండదు. అంతకు మించినవాటిలోను, వరికోత హార్వెస్టర్లలోను ఇది సాధారణముగా కనబడును.

టర్బో ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగును. అది బాల్ బేరింగులపై కాక, చాలా టర్బోలలో ఇంజను ఆయిలు పలుచని పొరపై తేలుచు తిరుగును. చక్రముల అంచునకును హౌసింగు గోడకును మధ్య ఎడము అరమిల్లీమీటరుకు అటు ఇటుగా ఉండును. ఇంత సున్నితమైన యంత్రము ఎర్రని వేడికి చేరువలో పనిచేయుచున్నదని గుర్తుంచుకొనవలెను.

హౌసింగు చేయు పని

నత్తగుల్లవలె చుట్టుకొనియున్న పోతఇనుప గుల్లనే హౌసింగు అందురు. వేడి వాయువు దాని వెడల్పు నోటిలో ప్రవేశించి, క్రమముగా సన్నబడు దారిలో వేగము పెంచుకొని చక్రమునకు తగులును. ఆ దారి వైశాల్యమునకును చుట్టు వ్యాసార్ధమునకును గల నిష్పత్తిని ఏ–ఆర్ అందురు. కొన్ని హౌసింగులపై ఈ అంకె పోతపోసి ఉండును.

దీనిని గోదావరి ఒడ్డున ఉన్న మీకు వేరుగా వివరింప పనిలేదు. కాలువ తూము నోరు సన్నమైనచో కొద్ది నీరే వడిగా దూకును. కాని వరద వచ్చినపుడు అదే సన్నని తూము వెనుక నీరు ఎగదన్ని నిలుచును. శ్రీరాంసాగరు నిండినపుడు నీరు వెనుకకు ప్రాకి బాసర వరకు వచ్చుట మీరు ప్రతి మంచి వానల సంవత్సరమున చూచుచున్నారు. హౌసింగు దారి సన్నమైనపుడు ఇంజనుకు కూడ ఇట్టి వెనుక జలములే ఏర్పడును. కాలిన వాయువు బయటికి పోక వాల్వుల వద్ద నిలిచి, పిస్టనును వెనుకకు నెట్టును. దీనినే ఎదురు ఒత్తిడి అందురు.

పోచంపాడు వద్ద ఆనకట్టకు 42 గేట్లు ఎందుకున్నవి? వరద మితి మించినపుడు ఎత్తుటకు. కొన్ని టర్బోలకు కూడ వేస్ట్‌గేటు అను చిన్న గేటు ఉండును. ఒత్తిడి హద్దు దాటగానే అది తెరచుకొని, మిగులు వాయువును చక్రమునకు తగులనీయక ప్రక్కకు పంపును. ఈ గేటు కడ్డీని బిగించి తెరచుకొననీయకుండ చేయుట, వరదలో ఆనకట్ట గేట్లకు తాళము వేయుట వంటిది.

షెడ్లలో చేయు మార్పులు, వాటి ఫలితములు

మొదటిది, చిన్న నోటి హౌసింగు బిగించుట. తక్కువ చుట్లలోనే టర్బో అందుకొనును. ట్రాలీ కదలునపుడు బండి చురుకుగా ఉన్నట్లు తోచును. కాని పూర్తి చుట్లలో ఎదురు ఒత్తిడి పెరిగి డీజిలు ఖర్చు హెచ్చును, టర్బో తన హద్దు దాటి తిరుగును, వాల్వులు కాలును. కారుకు ఇది కొంత సరిపోవచ్చును. ఏలయన కారు ఇంజను పూర్తి బలముతో పనిచేయునది కొద్ది క్షణములు మాత్రమే. రోటవేటరు పట్టిన ట్రాక్టరు ఉదయమునుండి సాయంత్రము వరకు దాదాపు పూర్తి బలముతోనే నడుచును. కారులో చెల్లిన మార్పు ట్రాక్టరులో చెల్లకపోవుటకు ముఖ్య కారణమిదే.

రెండవది, పెద్ద నోటి హౌసింగు. దీనివలన ఎదురు ఒత్తిడి తగ్గును, కాని తక్కువ చుట్లలో టర్బో మేల్కొనదు. బురద దమ్ములో బరువు పడగానే ఇంజను నల్లపొగ వదలి క్రుంగును.

మూడవది, హౌసింగు లోపల గ్రైండింగు చేసి నునుపు చేయుట. పోత గరుకును తీసివేయుటవలన కలుగు లాభము అతి స్వల్పము. చక్రము చుట్టునున్న గోడకు గ్రైండింగు రాయి తగిలినచో ఎడము పెరిగి, వాయువు పని చేయకయే జారిపోవును. లోపల మిగిలిన ఇనుప రజను లక్ష చుట్లు తిరుగు చక్రపు రెక్కలను కొట్టును. పలుచబడిన గోడ వేడికి పగులును.

నాలుగవది, వేస్ట్‌గేటును బిగించి, డీజిలు పంపు స్క్రూ త్రిప్పి ఇంధనము పెంచుట. బలము నిజముగా ఎక్కువ పెరుగునది దీనివలననే. నష్టమును దీనివలననే ఎక్కువ. గాలి కన్న డీజిలు మించినచో వాయువుల వేడి పెరిగి పిస్టను తల కరుగును, హెడ్ గాస్కెటు ఎగురును. ఇంజను ఓర్చుకొన్నను క్లచ్చి, గేరుపెట్టె, వెనుక ఇరుసు పాత బలమునకే తయారైనవి కదా!

ఐదవది, టర్బో లేని ఇంజనుకు పాత లారీ టర్బోను తెచ్చి తగిలించుట. కర్మాగారమున టర్బో పెట్టునపుడు కంపెనీవారు దానికి తగిన పిస్టన్లను, తగ్గించిన కంప్రెషనును, చాలా ఇంజన్లలో పిస్టను అడుగున ఆయిలు చిమ్ము జెట్లను, పెద్ద రేడియేటరును అమర్చుదురు. నొక్కబడిన గాలి వేడెక్కును. రెట్టింపు ఒత్తిడికి నొక్కినచో అది వంద డిగ్రీలు దాటును. అందువలననే పెద్ద ఇంజన్లకు ఇంటర్‌కూలరు పెట్టుదురు. ఇవేవియు లేక టర్బోను మాత్రమే తగిలించుట, బక్క ఎద్దును మోటు బండికి కట్టి చెర్నాకోల చేతబట్టుట వంటిది.

పంజాబులోను, అమెరికాలోను ట్రాక్టరు లాగుడు పోటీలకు టర్బోలు మార్చుట నిజమే. ఆ ఆటలో ట్రాక్టరు లాగునది సుమారు 100 మీటర్లు మాత్రమే, అదియు నిమిషము లోపుననే ముగియును. మన యంత్రము వేల గంటలు పనిచేయవలెను. ట్రాక్టర్లతో చేయు ప్రమాదకర విన్యాసములను పంజాబు ప్రభుత్వము, ఒక యువకుడు మరణించిన పిమ్మట, 2023 అక్టోబరులో నిషేధించినది.

లోపము ఇంజనుదా, చక్రముదా?

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. ముథోలు, భైంసా, బాసర ప్రాంతపు నల్లరేగడిలో "బలము చాలదు" అను ట్రాక్టర్లను రెండు తరగతులుగా విభజింపవచ్చును.

దున్నునపుడు ఇంజను మ్రోత మారకయే వెనుక చక్రములు తిరిగి గుంట చేయుచున్నచో, లోపించినది బలము కాదు, పట్టు. ఇట్టి ట్రాక్టరుకు టర్బో మార్చిన, చక్రము ఇంకను వేగముగా గుంట త్రవ్వును, అంతే. చక్రములు జారకయే ఇంజను చుట్లు పడిపోయి నల్లపొగ వచ్చుచున్నచో, గాలి చాలకపోవుటయో, పనిముట్టు బరువు మించుటయో కారణము.

జారుడును మీరే కొలువవచ్చును. వెనుక టైరుపై సుద్దతో గీత గీయుడు. అదే చేనిలో నాగలి పైకెత్తి, చక్రము 10 చుట్లు తిరుగువరకు నడిపి, ఆ దూరమును కొలువుడు. తరువాత నాగలి దింపి అట్లే 10 చుట్లు కొలువుడు. మొదట 40 మీటర్లు, రెండవసారి 34 మీటర్లు వచ్చినదనుకొందము. 6 మీటర్లు తగ్గినవి, అనగా నూటికి 15 వంతులు జారుడు. ఇంతవరకు ఫరవాలేదు. ఇంతకు మించినచో వెనుక చక్రములకు దిమ్మెలు వేయుట, టైర్లలో నీరు నింపించుట, అరిగిన టైర్లు మార్చుట, టైరు గాలిని పుస్తకములో చెప్పినట్లు ఉంచుట మొదలగు పనులు చేయవలెను. రేగడి మరీ తడిగా నున్నపుడు దుక్కికి దిగక పదును కొరకు ఆగుట అన్నిటికన్న చవుక పద్ధతి.

ఇంజను క్రుంగుచున్నచో ఈ వరుసలో చూడుడు:

1. ఎయిర్ ఫిల్టరు. సోయాచిక్కుడు నూర్చునపుడు, ఎండు చేనిలో రోటవేటరు నడుపునపుడు అది కొద్ది గంటలలోనే మూసికొనిపోవును. పొడి ఫిల్టరును టైరునకు కొట్టరాదు, నీటితో కడుగరాదు. తక్కువ ఒత్తిడి గాలిని లోపలినుండి బయటికి ఊదవలెను. లోపలి చిన్న ఫిల్టరును శుభ్రపరచరాదు. కాలము తీరగానే మార్చవలెను.

2. గాలి గొట్టములు. టర్బోనుండి ఇంజను వరకు గల రబ్బరు గొట్టముల అతుకుల వద్ద సబ్బు నీరు రాచి, ఇంజను నడిపించి చూడుడు. బుడగలు లేచినచో అచట గాలి పోవుచున్నది. ఒక బిగింపు పట్టీతో పోయిన బలము తిరిగి వచ్చును.

3. డీజిలు ఫిల్టర్లు, ఇంజెక్టర్లు, వాల్వుల సందు.

4. రేడియేటరు జల్లెడ. పొట్టు, దూది పేరుకొనియున్నదేమో చూడుడు. మన వేసవి 45 డిగ్రీల ఎండలో గాలియే పలుచబడును. 27 డిగ్రీలనాటి గాలికన్న అది నూటికి 6 వంతులు తేలిక. మధ్యాహ్నము ట్రాక్టరు మందగించుట కొంతవరకు సహజమే.

5. పనిముట్టు. అరిగిన రోటవేటరు కత్తులు, ట్రాక్టరుకు మించిన వెడల్పు, తప్పు గేరు ఇంజనుపై లేనిపోని భారము మోపును.

ఇన్ని చూచిన పిమ్మటను బలము చాలనిచో, ఆ పనికి పెద్ద ట్రాక్టరును కిరాయికి పిలుచుటయే లాభము. క్రొత్తది కొనువారు అమ్మకపు కాగితముపై ముద్రించిన అంకెను మాత్రమే చూడక, పరీక్షా నివేదికను అడుగవలెను. మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో 1955లో ఏర్పడిన కేంద్ర వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి పి.టి.ఓ. బలమును, లాగు శక్తిని, డీజిలు ఖర్చును ప్రకటించును. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో ఇట్టిదే దక్షిణ ప్రాంతపు సంస్థ కలదు. అచట రైతులకు శిక్షణయు ఇచ్చుదురు.

ఉన్న టర్బోను కాపాడుకొనుట

ఇంజను స్టార్టు చేయగానే రేజు ఇవ్వరాదు. ఆయిలు టర్బోకు చేరువరకు ఒకటి రెండు నిమిషములు నెమ్మదిగా నడువనీయుడు. పని ముగించి వచ్చి వెంటనే ఆపరాదు. రెండు మూడు నిమిషములు తక్కువ చుట్లలో ఉంచుడు. అటుల చేయనిచో వేడెక్కిన ఇరుసు వద్ద నిలిచిన ఆయిలు మాడి బొగ్గగును. ఆపుటకు ముందు ఒకసారి రేజు ఇచ్చు అలవాటు టర్బోకు విషము వంటిది. ఆయిలును, దాని ఫిల్టరును పుస్తకములో చెప్పిన గంటలకు, చెప్పిన రకముతోనే మార్చుడు.

నీలిపొగ, క్రొత్తగా వినబడు ఈల లేక గీర, ఆయిలు తరుగుట టర్బో జబ్బుకు గుర్తులు. ఇంజను చల్లారిన పిదప గాలి గొట్టము విప్పి ఇరుసును వ్రేళ్ళతో కదల్చి చూడుడు. కొద్దిగా ఆడుట సహజము. చక్రము గోడకు రాచుకొనుచున్నచో ఇక నడుపరాదు.

టర్బో మార్చవలసివచ్చినచో అదే పార్టు నంబరు గలదానినే వేయించుడు. పగిలిన హౌసింగుకు వెల్డింగు చేయింపక మార్చుడు. పాతది ఎందుకు చెడినదో కనుగొననిచో క్రొత్తదియు అదే దారి పట్టును. ఆయిలు గొట్టమును శుభ్రపరచి, ఆయిలు మార్చి, బిగించునపుడు టర్బో ఆయిలు రంధ్రములో కొంచెము ఆయిలు పోసి ఇరుసును చేతితో త్రిప్పవలెను. ఆయిలు దారుల వద్ద గాస్కెటుకు బదులు బంక రాయరాదు. అది ఊడి రంధ్రమును మూయును.

ప్రాణాపాయములు

టర్బో సీలు చెడి ఇంజను తన ఆయిలునే పీల్చుట మొదలిడినచో, డీజిలు ఆపినను అది ఆగదు. చుట్లు పెరుగుచునే పోవును. అపుడు మనుష్యులను దూరముగా పంపవలెను. చేరువకు పోవుట క్షేమమైనచో గాలి పీల్చు నోటిని మందమైన చెక్కతో మూయవలెను. చేయి గాని, గుడ్డ గాని అడ్డము పెట్టరాదు.

టర్బో వేడికి ఎండు గడ్డి, దూది, పొట్టు అంటుకొనును. హార్వెస్టరు ఇంజను చుట్టు ప్రతిదినము ఊడ్చి, దానికి కప్పిన వేడి రేకును తీయక, మంటలార్పు సిలిండరును వెంట ఉంచుకొనవలెను. బలము పెంచిన ట్రాక్టరు మోయలేని ట్రాలీని లాగినపుడు ముందు చక్రములు లేచి వెనుకకు తలక్రిందులగును. మడ్‌గార్డుపై పిల్లలను కూర్చుండబెట్టు వారు ఇది మరువరాదు.

చట్టము సంగతి

1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. మార్చిన ఇంజనుకు కంపెనీ గ్యారంటీ వర్తింపదు. ప్రమాదము జరిగినపుడు బీమా పరిహారమునకును చిక్కు రావచ్చును. 50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్–4 పొగ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ఇట్టి ఇంజన్లలో డీజిలును, గాలిని కొలుచునది కంప్యూటరు. అచట స్క్రూ త్రిప్పు మెకానికుకు పనియే లేదు.

రైతు సోదరులారా! హౌసింగు కోయించుటకు షెడ్డుకు పోవుటకు ముందు ఒక దినము మీ చేనిలోనే గడపుడు. టైరుపై సుద్దగీత గీచి జారుడు కొలువుడు. ఫిల్టరు విప్పి చూడుడు. గొట్టములకు సబ్బు నీరు రాయుడు. ఈ మూడు పనులకు అగు ఖర్చు ఒక సుద్దముక్క, ఒక సబ్బుబిళ్ళ మాత్రమే. పోయినదనుకొన్న బలము చాలవరకు అచటనే దొరకును. దొరకనిచో, మీ కొలతలను కాగితముపై వ్రాసికొని దగ్గరనున్న కృషి విజ్ఞాన కేంద్రమునకో, వ్యవసాయాధికారి వద్దకో తీసికొనిపోయి సలహా పొందుడు. కొలత చేతనున్న రైతును ఎవరును మాటలతో మోసగింపలేరు.